నర్సింగం కాక పగటి నిద్ర

మా లైనులో ఆడవాళ్లు గుసగుసగా కొట్లాడుకునేవారు. కొత్తవాళ్లు ఈ మాట వింటే నవ్వుతారు గానీ, గోదావరిఖనిలో కార్మికుల క్వార్టర్లలో పెరిగినవాళ్లకు ఇందులో వింతేమీ కనబడదు. నల్లా దగ్గర బిందె ముందు పెట్టిందని ఐలవ్వ ఎవరినైనా తిట్టిందంటే తాతముత్తాతల దాకా తవ్వేది. చేతులు తిప్పడం, కళ్లురిమి చూడడం, కొంగు దోపుకోవడం అన్నీ ఉండేవి. గొంతు మాత్రం ఉండేది కాదు. ఎందుకంటే ఏ పొద్దున చూసినా ఏదో ఒక ఇంట్లో రాత్రి షిఫ్టు దిగి వచ్చిన మనిషి పడుకుని ఉంటాడు. ఆ ఇంటి గొళ్లేనికి అతని డ్యూటీ బనియను వేలాడుతుంది. బనియను కనబడితే రోకలి ఆగాలి, కూరగాయల బండివాడు నోరు కట్టుకోవాలి, పిల్లలు మూగవాళ్లలాగా ఆడుకోవాలి. ఇది ఎవరూ రాసిపెట్టిన రూలు కాదు. నిద్ర చాలని మనిషి గనిలోకి దిగితే ఏమవుతుందో అందరికీ తెలుసు, అంతే.

అలాంటి చోట మేం ముగ్గురం కర్ణాటక సంగీతం నేర్చుకున్నాం. మా తెలివితేటలు చూడండి.

సుగుణమణిది వయొలిన్. వాళ్ల నాన్న సామ్యేల్ కాక (మా వైపు బాబాయిని కాక అంటాం) బొగ్గు టబ్బుల్ని తాడుతో లాగే ఇంజనుకు డ్రైవరు. సాబిర్‌ది క్లారినెట్. వాళ్ల నాన్న జలాలుద్దీన్ వర్క్‌షాపులో ఫిట్టరు, పెళ్లిళ్ల కాలంలో బ్యాండు మేళంలో క్లారినెట్ ఊదేవాడు. నాది మృదంగం, నా పేరు లింగమూర్తి. అప్పట్లో నాకు కోపం ముక్కు మీద ఉండేది. ఇప్పుడూ ఉంది, కాకపోతే ఇప్పుడు ఎవరూ పట్టించుకోవడం లేదు. మాకు నేర్పింది ఆమోసు మాస్టారు. చర్చిలో వయొలిన్ వాయించే ఆ పెద్దమనిషి మమ్మల్ని రాగాల పిచ్చిలోకి దింపి, రిటైరై బెల్లంపల్లి వెళ్లిపోయారు. పిచ్చి మాకు మిగిలింది.

సుగుణమణి వాళ్ల వెనక వసారాలో సాధన చేసేవాళ్లం. ఆమె వయొలిన్ గుర్రం మీద, అంటే తీగల్ని మోసే చెక్క మీద, బట్టలారేసే క్లిప్పు పెట్టేది, శబ్దం సగం చచ్చిపోయేది. సాబిర్ నడి ఎండాకాలంలో కూడా బొంత కప్పుకుని ఊదేవాడు. పాట అయిపోయి బయటికొస్తే స్నానం చేసినవాడిలా ఉండేవాడు. నేను మృదంగానికి మా అమ్మ పాత చీర చుట్టి, వేళ్ల కొసలతో తాకేవాడిని. కొట్టడం అన్న మాట మా దగ్గర లేదు. మా సంగీతం గుమ్మం దాటి వీధిలోకి ఎన్నడూ వెళ్లలేదు.

ఇది డెబ్బై రెండు ప్రాంతపు సంగతి. ఆ ఏడు చలికాలం పోతూండగా నర్సింగం కాక వచ్చి సామ్యేల్ కాక ముందు నిలబడ్డాడు. వాళ్లింటికీ సుగుణమణి ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. కాక టింబర్‌మన్, అంటే బొగ్గు తీసిన చోట పైబండ కూలకుండా కర్రలు నిలబెట్టేవాడు. అంతకు కొన్ని నెలల ముందు ఆయన జోడీదారు యేసుదానం మీద బండ పడింది. మనిషి దక్కలేదు. కాక అక్కడే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాడు. కొన్ని రోజులు ఇంట్లో ఉండి మళ్లీ డ్యూటీకి పోతున్నాడు గానీ, కళ్లు చింతనిప్పుల్లా ఉండేవి. పడుకోవాల్సిన పగటిపూట బజారులో తిరుగుతూ కనబడేవాడు.

“అన్నా, మనసుల వెట్టుకోకు,” అన్నాడు. “నీ బిడ్డ వాయిద్యంతోని నాకు నిద్ర వస్తలేదు.”

మా లైనులో ఒకరి మీద ఇంతకన్నా పెద్ద నింద లేదు. దొంగతనం అంటగట్టినా తలెత్తుకుని తిరగవచ్చు. సామ్యేల్ కాక మొహం నల్లబడింది. లోపలికి వెళ్లి వయొలిన్ పెట్టెను అటక మీద పెట్టేశాడు.

“ఇంట్ల ఇగ ఒక్క తీగ గూడ కదలద్దు,” అన్నాడు కూతురితో. “బయట ఏడన్న జాగ దొరికితె వాయించుకో. దొరకకుంటె ఇడిసిపెట్టు బిడ్డా. నిద్ర చెడగొట్టినోళ్లం అనిపించుకోవద్దు.”

సుగుణమణి ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. క్లిప్పు పెట్టిన వయొలిన్ పక్కగదిలోకే వినబడదే, గోడ అవతల ఈయనకు ఎలా వినబడింది? ఆ అనుమానం నన్ను ఊరికే ఉండనివ్వలేదు. అటక మీది వయొలిన్ వాళ్ల నాన్న డ్యూటీలో ఉన్నప్పుడు ఒక్కసారి దించి వాయించమని సుగుణమణికి చెప్పి, నేను నర్సింగం కాక పెరటి గోడకు చెవి ఆనించి నిలబడ్డాను. కోళ్లు గింజలేరుకుంటున్న చప్పుడు వినిపించింది. వయొలిన్ వినిపించలేదు.

“ఆయనయి పాము చెవులన్న కావాలె, లేకుంటె అబద్ధమన్న కావాలె,” అన్నాను.

“ఆయనెందుకు అబద్ధమాడుతడు?” అంది సుగుణమణి.

జాగా కోసం మేం తిరగని చోటు లేదు. పద్దెనిమిదేళ్ల ఆడపిల్ల వయొలిన్ పట్టుకుని కూర్చోగలిగిన చోటు ఆ ఊళ్లో ఎక్కడుంటుంది? చివరికి క్లబ్బు వెనక పాత లాంపు రూము కళ్లబడింది. గనిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే గది కొత్తదాంట్లోకి మారాక అది తాళం పడి ఉంది. చుట్టుపక్కల క్వార్టర్లు లేవు. ఎంత గట్టిగా వాయించినా నిద్ర చెడేవాళ్లు లేరు. వెల్ఫేర్ ఆఫీసరు దగ్గరికి వెళ్లాం. ఆయన కోస్తా నుంచి కొత్తగా వచ్చాడు, మంచివాడే.

“ఊరికే ఇస్తే అందరూ అడుగుతారమ్మా,” అన్నాడు. “ఒక పని చేయండి. వర్క్‌షాపు క్యాంటీన్లో మధ్యాహ్నం భోజనాల వేళ ఒక్క కచేరీ చేయండి. వర్కర్లు మెచ్చుకుంటే ఆ గది మీకే ఇప్పిస్తాను. మెచ్చుకోకపోతే నన్ను మళ్లీ అడగొద్దు.”

సుగుణమణి బయటికొచ్చి, “ఇదొక్కటే ఉన్నది లింగన్నా. ఇది పోతె నా వయొలిన్ అటక మీదనే,” అంది. తెలిసిన విషయమే.

కచేరీ చివర నేనొక్కడినే వాయించే తని ఆవర్తనం ఉండాలని ముగ్గురం అనుకున్నాం. అసలు సంగతి చెప్పాలంటే నేనే పట్టుబట్టాను. జనం చప్పట్లు కొట్టేది అక్కడే అని ఆమోసు మాస్టారు చెప్పేవారు. నేను గోదావరి ఒడ్డుకు పోయి, ఇసుకలో కూర్చుని, మనుషులెవరూ లేని చోట జీవితంలో మొదటిసారి మృదంగం మీద నిండుగా చెయ్యి వేసి సాధన చేశాను.

ఆ రోజు క్యాంటీన్‌లో భోజనాల సైరన్ కూయగానే గుంపు వచ్చిపడింది. రేకుల షెడ్డు, పొడుగాటి బల్లలు, గరగరమనే ఫ్యాన్లు, స్టీలు పళ్లేల గోల. వడ్డించేవాళ్లలో నర్సింగం కాక భార్య సమ్మవ్వ కూడా ఉంది, ఆమె అక్కడే పనిచేసేది. మమ్మల్ని ఒక మూల బల్లల మీద కూర్చోబెట్టారు. అందరూ పళ్లేలు పట్టుకుని మా చుట్టూ తిరిగి చూసి పోతున్నారు.

“పాట ఎవలు పాడుతరు?”

“ఎవ్వలు పాడరట. వట్టి వాయిద్యాలేనట.”

“మాటలు లేకుంటె ఏం సమజైతది?”

“గా నల్ల గొట్టం మన జలాలుద్దీన్ పెండ్లిల ఊదేదే గదా. అదేం సంగీతం?”

జలాలుద్దీన్ ముందు వరుసలో కూర్చున్నాడు, కొత్త చొక్కా వేసుకుని. ఆ మాట విన్నాడు గానీ నవ్వి ఊరుకున్నాడు. ఆఫీసరు కుర్చీ వేయించుకున్నాడు. అప్పుడే నర్సింగం కాక లోపలికి వచ్చి, ముందు బల్ల చివర కూర్చున్నాడు. రాత్రి డ్యూటీ చేసిన మనిషి, నిద్రపోవాల్సిన వేళ. మా మీద పడి ఏడవడానికి వచ్చాడనుకున్నాను. సమ్మవ్వ ఆయన ముందు అన్నం పెడితే కెలుకుతూ కూర్చున్నాడు.

మోహన రాగంతో మొదలుపెట్టాం. మొదలుపెట్టామని మాకు తప్ప ఎవరికీ తెలియలేదు. సుగుణమణి అలవాటు చొప్పున వయొలిన్ మీద క్లిప్పు తీయడమే మరిచిపోయింది. సాబిర్ బొంత లేకపోయినా బొంతలో ఉన్నట్టే మెడ ముడుచుకుని ఊదుతున్నాడు. నేను కూడా అంతే, నది ఒడ్డున అంత చేసినవాడిని, మనుషుల్ని చూడగానే వేళ్ల కొసల మీదికి వచ్చేశాను. ఆఫీసరు చెయ్యి పైకెత్తి గట్టిగా అని సైగ చేస్తున్నాడు. గట్టిగా వాయించడం మాకు చేతనైతే గదా. చిన్నప్పటి నుంచి పక్కింటి నిద్ర కాపాడుతూ నేర్చుకున్న చేతులు అవి. అయిపోయింది, లాంపు రూము పోయింది అనుకున్నాను.

అప్పుడు దగ్గరి బల్ల మీది మనిషి ఒకడు తినడం ఆపి మా వైపు చూశాడు. తర్వాత చుట్టూ చూశాడు. పక్కవాడి చెవిలో అడిగాడు.

“ఎవలు పండుకున్నరు?”

ఇంత మెల్లగా ఎవరైనా ఏదైనా చేస్తున్నారంటే దగ్గర్లో ఎవరో నిద్రపోతున్నారని అర్థం. మా ఊళ్లో పుట్టినవాడికి అంతకన్నా వేరే అర్థం తట్టదు. ఆ పక్కవాడు పళ్లేన్ని చప్పుడు కాకుండా కింద పెట్టాడు. అతన్ని చూసి ఇంకొకడు. మాట ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు గుసగుసగా పాకింది. గరిటెలు ఆగాయి. ఎవరో లేచి గరగరమనే ఫ్యాను కట్టేశారు. చూస్తూండగానే షెడ్డంతా మా లైనులాగా అయిపోయింది. అందరూ మెడలు చాచి ఎవరు పడుకున్నారా అని వెతకడం మొదలుపెట్టారు. వెతుకుతూ వింటున్నారు, వినకుండా ఉండడానికి ఇంకేం లేదు గదా.

ముందుగా కనిపెట్టింది జలాలుద్దీన్. కళ్లతో చూపించాడు. బల్ల చివర నర్సింగం కాక పళ్లెం పక్కన తల పెట్టి నిద్రపోతున్నాడు. మొదట అందరూ మెల్లగా ఉన్నది అలవాటు కొద్దీ, ఇప్పుడు నిజంగానే మెల్లగా ఉండాల్సిన కారణం దొరికింది. ఆయనకు ఎన్నాళ్లుగా నిద్ర లేదో వాళ్లందరికీ తెలుసు. ఆ తర్వాత ఊపిరి పీల్చడం కూడా చూసి పీల్చారు.

నాకేమీ అర్థం కాలేదు. మా వాయిద్యం వల్ల నిద్ర రావడం లేదన్న మనిషి మా వాయిద్యం ముందే పడి నిద్రపోతున్నాడు. ఆశ్చర్యపోవాలో కొట్టాలో తెలియలేదు. ఈలోగా నా వంతు వచ్చింది. ఇప్పుడు నేను వాయిస్తాను, షెడ్డు రేకులు అదురుతాయి, జనం చప్పట్లు కొడతారు, గది మాదవుతుంది. చెయ్యి పైకి లేపాను.

సుగుణమణి తల అడ్డంగా ఊపింది.

ఆమె చూపు పట్టుకుని చూశాను. వంటింటి గుమ్మంలో సమ్మవ్వ రెండు చేతుల్లో గరిటె పట్టుకుని, దాన్నే దండం పెట్టినట్టు ఎత్తి నిలబడి ఉంది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆపకండి, లేపకండి అని ఆ చేతులు చెబుతున్నాయి. సుగుణమణి నా వైపు మళ్లీ చూడకుండా కమాను తిప్పి, మోహనను మొదటి నుంచి ఎత్తుకుంది. గది మా ముగ్గురిలో ఎవరికి ఎక్కువ కావాలో నాకు తెలుసు. అయినా నా కోపం నాదే. పళ్లు కొరుక్కుంటూ వేళ్ల కొసలతో తాకుతూ కూర్చున్నాను.

సైరన్ కూసింది. దానికి కాక కదలలేదు. సైరన్ మా ఊళ్లో కాకి అరుపుతో సమానం, అది ఎవరినీ లేపదు. కార్మికులు చెప్పులు చేతబట్టుకుని ఒక్కొక్కరే బయటికి నడిచారు. జలాలుద్దీన్ చప్పట్లకు చేతులెత్తితే పక్కవాడు ఆ చేతులు పట్టుకుని కిందికి దించాడు. షెడ్డు ఖాళీ అయ్యింది. ఆఫీసరు వాచీ చూసుకుని చాలు అన్నట్టు సైగ చేశాడు. సుగుణమణి కమాను ఆపింది.

ఆపిన క్షణమే నర్సింగం కాక ఉలిక్కిపడి లేచాడు. మమ్మల్ని చూడలేదు, భార్యను చూడలేదు, తలెత్తి పైన రేకుల కప్పు వైపు చూశాడు. తర్వాత తానెక్కడున్నాడో తెలిసి, సిగ్గుపడినట్టు తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

“సార్, ఆయన నైట్ షిఫ్టు మనిషి,” అని సాబిర్ చెప్పబోయాడు.

“చూశాను బాబూ,” అన్నాడు ఆఫీసరు. కోపంగా కాదు, జాలిగా. “ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరుసలో మనిషి నిద్రపోయాడు. అందరూ దొంగల్లా జారుకున్నారు. నేనేమని రాయను చెప్పండి?”

దారంతా నేను సుగుణమణి వెనక పది అడుగుల దూరంలో నడిచాను. ఇంటి మలుపు దగ్గర ఆమే ఆగింది.

“తిట్టాలనుకుంటె తిట్టు లింగన్నా,” అంది. “నాకు గూడ బాధనే ఉన్నది. మస్తు బాధ ఉన్నది. కాని లేపబుద్ధి కాలే.”

తిట్టడానికి మాటలన్నీ సిద్ధం చేసుకుని ఉన్నాను. అవన్నీ మింగి, ఆమె వయొలిన్ పెట్టె అందుకుని ఇంటి దాకా మోశాను.

మర్నాడు పొద్దున మేం ముగ్గురం సామ్యేల్ కాక ఇంట్లో మొహాలు వేలాడేసుకుని కూర్చుని ఉన్నాం. రాత్రి షిఫ్టు దిగిన నర్సింగం కాక స్నానం కూడా చేయకుండా, బొగ్గు మసితోనే గుమ్మంలోకి వచ్చాడు. వెనక సమ్మవ్వ ఉంది.

“అన్నా, నీ బిడ్డ మీద నేను అబద్ధం చెప్పిన,” అన్నాడు. “నాకు వాయిద్యం ఎన్నడు ఇనవడలే.”

సామ్యేల్ కాక బీడీ ఆర్పేశాడు. “మరెందుకు చెప్పినవు తమ్మీ?”

కాక గుమ్మంలోనే కూర్చున్నాడు. “అందరు అడుగుతుండ్రు, ఎందుకు పండుకుంటలేవని. ఏమని చెప్పాలె? భయమైతుందని చెప్పాల్నా? టింబర్‌మన్‌కు భయమైతదంటె నా ఎనక ఎవలు నిలబడుతరు?” తువ్వాలుతో మొహం మీది మసి తుడుచుకున్నాడు. “బండ పడే ముందు కర్ర పటుక్కుమంటది. గా దినం మిషన్లు బంద్ అయినయి, అంత సైలెంటు. గప్పుడు ఇనవడ్డది. యేసుదానం తలెత్తి చూసిండు. గంతె. ఇంట్ల పండుకుంటె మీరందరు నా కోసమని సప్పుడు చెయ్యరు. లైనంత సైలెంటు. దూలం ఎక్కడ పటుక్కుమంటదో అని చెవు ఆడనే ఉంటది. కన్ను మూత పడదు.”

మా లైనంతా రోకళ్లు ఆపి, పిల్లల నోళ్లు నొక్కి, నెలల తరబడి ఆ మనిషికి ఇచ్చింది ఆ భయాన్నే అన్నమాట.

“క్యాంటీన్ల గోల ఉంటది కద కాకా,” అన్నాను. ఆరా తీయకుండా ఉండలేకపోయాను. “గా గోలకు రాని నిద్ర మా వాయిద్యానికెట్ల వచ్చింది?”

“పళ్లెం ఎప్పుడు పడుతదో ఎవలకు ఎరుక? గది గూడ బండ లెక్కనే. మీది గట్ల కాదు. ఒకటి అయినంక ఇంకొకటి ఏదొస్తదో తెలుస్తది. వస్తదనుకున్నది వస్తది. రెండు మూడు సార్లు వచ్చినంక నా చెవు ఊకున్నది.” సుగుణమణి వైపు తిరిగాడు. “నీ జాగ నా తోనే పోయింది బిడ్డా. మా ఇంట్ల వాయించుకో. నేను డ్యూటీ దిగి వచ్చినంక రోజు వాయించు. మెల్లగ అక్కరలేదు.”

సామ్యేల్ కాక లేచి, అటక మీది పెట్టె తానే దించి కూతురి చేతికిచ్చాడు.

ఆ పూటే వెళ్లాం. లైనులో ఆ పొద్దున వేలాడింది కాక బనియను ఒక్కటే. కాక స్నానం చేసి మంచం మీద కూర్చుని, ఈసారి పడుకోను, నిన్న ఏం వాయించారో నాకు తెల్వనే తెల్వదు, మెలకువతో వింటాను అన్నాడు. ముగ్గురం నిండుగా, దాచుకోకుండా వాయించాం. ఐలవ్వ కొంగు దోపుకుని గుసగుసగా తిట్టడానికి పరుగెత్తుకొచ్చింది. సమ్మవ్వ ఆమెను వాకిట్లోనే ఆపి సంగతి చెప్పింది. లోపల కాక మొదటి చరణం దాకా కూర్చున్నాడు. తర్వాత నిద్రలోకి ఒరిగిపోయాడు. నేను తని వాయించాను, సగం లైనుకు వినబడేలా. ఆయన కదలలేదు.

అప్పుడు మాకు అసలు భయం పట్టుకుంది. ఎలా ఆపాలి? నిన్న ఆపగానే ఆయన కప్పు వైపు చూసిన చూపు ముగ్గురికీ గుర్తుంది. ముగింపు ఎలా చేయాలో ఆమోసు మాస్టారు నేర్పారు గానీ, ముగిసినట్టు తెలియకుండా ఎలా ముగించాలో ఎవరూ నేర్పలేదు. సుగుణమణి నాకు కళ్లతో చెప్పింది. నేను వేళ్లు తేలిక చేస్తూ, చేస్తూ, తాకడం మానేశాను. కొంతసేపటికి సాబిర్ ఊపిరి సన్నగిల్లి క్లారినెట్ వయొలిన్‌లో కలిసిపోయింది. ఒక్క తీగ మిగిలింది. ఆమె కళ్లు కాక గుండె మీదే ఉన్నాయి, అది లేచి దిగే వేగానికి కమాను లాగుతోంది, ప్రతిసారీ ఇంకొంచెం పలచగా. నేను కళ్లార్పకుండా చూస్తూనే ఉన్నాను. కమాను తీగ మీది నుంచి ఎప్పుడు లేచిందో మాత్రం నాకు తెలియలేదు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది, నర్సింగం కాక నిద్రపోతూనే ఉన్నాడు.